‘ఎవరూ ఎరుగని చోటు’ ఎవరికి?

నదీయాత్రా సాహిత్యాన్ని వినోదసాహిత్యమని త్రోసివేయడం మన విమర్శకులకు సులభం. తీరికా డబ్బూ ఉన్నవాడి సాహసమే గదా అనిపిస్తుంది. కాని అమెరికాలోని కొలరాడో నదిపైన, దాని ఉపనదులపైన వచ్చిన గ్రంథాలను అలా కొట్టివేయలేము. ఎడారి లోయల్లో బండలమీద విరుచుకుపడుతూ సాగే ఆ నదులకు ఆనకట్టల బెడద వచ్చినప్పుడు, పడవప్రయాణపు కథనమే ఒక రాజకీయ ఆయుధమయింది. ఆ ఆయుధం ఎవరి పక్షాన నిలిచిందన్నదే మన ప్రశ్న.

ఈ సాహిత్యానికి ఆద్యుడని చెప్పదగినవాడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న ఇతడు 1869లో తొమ్మిదిమంది సహచరులతో, నాలుగు కొయ్యపడవలతో బయలుదేరాడు. 1875లో వెలువడిన అతని గ్రంథం ఏనాటి సంగతి ఆనాడే వ్రాసినట్టు నడుస్తుంది. నీటి హోరు మనకు వినబడుతుంది. పడవ తిరగబడుతుందేమోనన్న భయం పాఠకునికీ అంటుకుంటుంది. అయితే 1871-72లో జరిపిన రెండవ యాత్రలోని సంగతులను కూడా అతడు మొదటి యాత్రలోనే కలిపివేశాడు. రెండవ యాత్రలో తెడ్లు వేసినవారి పేర్లు గ్రంథంలో లేవు. ఒంటిచేతి నాయకుణ్ణి ఆ ఉరవడి దాటించినవి ఇతరుల చేతులే. శైలి ఎంత సజీవమైనా, శ్రమ ఒకరిది, కీర్తి మరొకరిది అయిన పాత కథే ఇది.

1950లలో గ్రీన్ నదిమీద ఎకోపార్కు వద్ద ఆనకట్ట కట్టే ప్రతిపాదన వచ్చింది. సియెరా క్లబ్బు జనాన్ని పడవలెక్కించి ఆ లోయలు చూపించింది. వాలెస్ స్టెగ్నర్ సంపాదకత్వంలో 1955లో ఒక గ్రంథం వెలువడింది. చూసినవారూ చదివినవారూ పోరాడారు. 1956 నాటి చట్టంలో ఎకోపార్కు ఆనకట్ట లేదు. కాని గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. 1963లో అక్కడ నీరు నిలవసాగింది. ఆ ఏడే ఇలియట్ పోర్టర్ ఛాయాచిత్రాలతో వచ్చిన పుస్తకానికి ‘ఎవరూ ఎరుగని చోటు’ అని పేరు పెట్టారు.

ఉద్యమపు ఆవేదనా, దాని పరిమితీ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. నిజంగా ఎవరూ ఎరుగరా? నవాజోలు ఎరుగుదురు, పైయూట్లు ఎరుగుదురు. రెయిన్‌బో బ్రిడ్జి అనే సహజ శిలాతోరణం నవాజోలకు పవిత్రస్థలం. జలాశయపు నీరు దాని కిందికి చేరింది. 1922లో ఏడు రాష్ట్రాలు ఈ నదీజలాలను పంచుకున్నప్పుడు ఆదివాసులను ఆ సంప్రదింపులకు పిలవనే లేదు. పుస్తకాలు కొనే వర్గానికి తెలియనిది ఎవరికీ తెలియనిదే అయింది!

ఎడ్వర్డ్ ఆబీ 1968లో ప్రకటించిన ‘డెజర్ట్ సాలిటేర్’లో, మునిగిపోనున్న గ్లెన్ కాన్యన్ గుండా మిత్రునితో చేసిన పడవప్రయాణం ఒక అధ్యాయం. అందులోని ఆగ్రహం నిజమైనది. దాన్ని పలాయనవాదమనడం అన్యాయం. అయితే అదే గ్రంథంలో నవాజోల పేదరికాన్ని చూసిన ఆబీ, జనాభా పెరుగుదలను దానికి ముఖ్యకారణంగా చూపుతాడు. ఆనకట్టను నిలదీసిన కలం, భూమినీ నీటినీ పంచిన వ్యవస్థను అంత గట్టిగా నిలదీయలేదు.

ఆనకట్ట అభ్యుదయం కాదా అని మిత్రులు అడగవచ్చు. ఆ జలాశయానికి పావెల్ పేరే పెట్టారు. ఎండుభూములన్నిటికీ చాలే నీరు లేదని 1893లో లాస్ ఏంజెలస్ సభలో హెచ్చరించినవాడూ ఆ పావెలే! 2023 తొలినాళ్ళలో ఆ జలాశయంలో నీరు సామర్థ్యంలో నాలుగోవంతుకు తగ్గిపోయింది. కేటరాక్ట్ కాన్యన్‌లో మునిగిన ఉరవళ్ళు కొన్ని మళ్ళీ పైకి తేలాయి. పడవవాళ్ళు సంతోషించారు. ఆ ఏడే, నవాజోలకు నీరు సమకూర్చేందుకు చర్యలు తీసుకోవలసిన బాధ్యతను ఒప్పందం ప్రభుత్వంపై పెట్టలేదని అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పు చెప్పింది.

ఈ విమర్శ మనకూ తగులుతుంది. నాగార్జునసాగరాన్ని ఆధునిక దేవాలయమని మనమూ మెచ్చుకున్నాం. 1981లో శ్రీశైలం ముంపు గ్రామాలను ఖాళీ చేయిస్తున్నప్పుడు మన సాహిత్యం ఎంతమేరకు వారి వెంట నడిచింది? నదిని ప్రేమించే గ్రంథాన్ని మనం కాదనవద్దు. కాని తెడ్డు వేసినవారి పేర్లనూ, ఒడ్డున బ్రతికినవారి హక్కునూ అందులో వెదకడం విమర్శకుని కర్తవ్యం. అవి కనబడకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పాలి.