రెండు నక్షత్రాల మధ్య మాట

బళ్లో గణవిభజన చేసినవాళ్లకు పాఠ్యంలోనే గుర్తులు పెట్టి దాని తీరు చెప్పే విద్య కొత్త కాదు. పద్యపాదం మీద పెన్సిల్‌తో గురువుకు గిన్నెలాంటి గుర్తు, లఘువుకు నిలువుగీత పెట్టేవాళ్లం. పద్యంలో ఒక్క అక్షరమూ మారేది కాదు, దాని నడక మాత్రం కంటికి కనబడేది. కాజీపేటలో పెరిగినవాళ్లకు ఇంకో ఉదాహరణ రైలు టికెట్టు మీదే ఉంది: కేజెడ్‌జే. సికింద్రాబాదు, బల్లార్షా, విజయవాడ దారులు ఇక్కడ కలుస్తాయన్న సంగతిని చివరి ‘జే’ (జంక్షన్) ఒక్కటే చెప్పేస్తుంది.

మార్క్‌డౌన్ అనే రాత పద్ధతి చేసేదీ అదే. శీర్షిక ముందు # పెడతాం. బొద్దుగా కనబడాల్సిన మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు. జాబితాలో ప్రతి అంశం ముందూ ఒక అడ్డగీత. రాసేది మామూలు పాఠ్యం, దాన్ని అందంగా చూపించే పని వేరే ప్రోగ్రాముది. జాన్ గ్రూబర్ 2004లో ఆరన్ స్వార్ట్జ్ సాయంతో దీన్ని తెచ్చాడు కానీ, వంశం పాతదే. 1964లోనే ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రనాఫ్ అనే ప్రోగ్రాములో చుక్కతో మొదలయ్యే పంక్తి ఆజ్ఞ అయ్యేది. గ్రూబర్ గట్టిగా పట్టుబట్టింది ఒక్కదానికే: గుర్తులన్నీ ఉన్నా ఆ పాఠ్యం మనిషి చదువుకునేలా ఉండాలి. మా ఎన్ఐటీ పిల్లలు థీసిస్‌కు వాడే లేటెక్ అనే గుర్తుల పద్ధతిలో ఆ సుఖం ఉండదు. సమీకరణాలకు దానికి సాటి లేదు, ఉత్తరం రాయడానికి మాత్రం అది బరువే.

తెలుగువాడికి మార్క్‌డౌన్ ఎందుకు? మా కాలనీ సావనీర్‌ను ఇరవై ఏళ్ల కిందట ఒక డీటీపీ షాపులో చేయించాం. ఫైలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. తెరిస్తే మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి గీతలే. అక్షరం ఫాంటు బొమ్మలో ఉండిపోయింది, ఆ ఫాంటు పోయింది. యూనికోడ్‌లో రాసిన మామూలు పాఠ్యానికి ఈ గతి పట్టదు. ‘క’ ఏ ఫాంటులోనైనా ‘క’యే.

అయితే ఈ గుర్తులు మన భాషను చూసి పుట్టినవి కావు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో నక్షత్రం ఉండాల్సిన చోట శ్ర వస్తుంది, # చోట క్రావడి, చదరపు బ్రాకెట్టు చోట డ. గుర్తు పెట్టాల్సిన ప్రతిసారీ ఇంగ్లీషుకు మారి మళ్లీ వెనక్కి రావాలి. చేతికి అలవాటయ్యేదాకా చిరాకే.

అంతకన్నా చిక్కు విభక్తులతో. ఇంగ్లీషులో మాట తర్వాత ఖాళీ ఉంటుంది, మనకు ‘లో’, ‘కి’, ‘తో’ అంటుకునే వస్తాయి. **కాజీపేట**లో అని నక్షత్రాలతో రాస్తే ఫరవాలేదు. అదే కింది గీతతో _కాజీపేట_లో అంటే, 2014లో వచ్చిన కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ నియమాల ప్రకారం పనిచేయదు, గీతలు అలాగే మిగిలిపోతాయి. లోపల కొటేషన్ గుర్తులుంటే నక్షత్రాలూ మొరాయిస్తాయి: **“మా ఊరు”**లో అన్నది బొద్దుగా మారదు. మందు సులువే. విభక్తిని కూడా లోపలికి తోసేయండి, లేదా కొటేషన్లను నక్షత్రాల బయట పెట్టండి.

పద్యం రాసేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఎంటర్ నొక్కినంత మాత్రాన మార్క్‌డౌన్ పంక్తి విరవదు. నాలుగు పాదాలూ కలిసిపోయి వచనమైపోతాయి. ప్రతి పాదం చివరా రెండు ఖాళీలు వదలాలి.

వాలు అక్షరాల జోలికి మాత్రం వెళ్లొద్దంటాను. తెలుగు లిపికి వాలు రూపం మన అచ్చులో పుట్టింది కాదు. చాలా ఫాంట్లలో అది లేదు కాబట్టి కంప్యూటరు ఉన్న అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది, తలకట్లు గాలికి ఒరిగినట్టు కనిపిస్తాయి. అసలు నొక్కి చెప్పడానికి మనకు ఏ గుర్తూ అక్కర్లేదు కదా. ‘అతను’ను ‘అతనే’ చేస్తే చాలు.

ఈ విద్యను తెలుగులో చాలామంది నేర్చుకున్నది మార్క్‌డౌన్ దగ్గర కాదు, వికీపీడియాలో. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్కడ గుర్తులు వేరు: శీర్షికకు అటూ ఇటూ రెండేసి సమాన గుర్తులు, లంకెకు జంట చదరపు బ్రాకెట్లు. ఒక్క సంగతి నాకు ముచ్చటేస్తుంది. [[కాజీపేట]]లో అని రాస్తే బ్రాకెట్ల బయట ఉన్న ‘లో’ కూడా లంకెలో కలిసిపోతుంది. తెలుగు అక్షరాలను లంకె తోకగా గుర్తించే నియమాన్ని అందులో విడిగా రాసి పెట్టారు. ఉపకరణం భాషకు ఒదగడమంటే అదీ.

మీ ఇంట్లో పాత సంఘం నివేదికలు, తాతగారి పద్యాలు ఉంటే ఫాంటు ఫైళ్లలో వదిలేయకండి. నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్‌లో మళ్లీ కొట్టి, శీర్షికల ముందు # పెట్టి, దాచండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లే పడతాయి. ఈ వ్యాసం మొత్తం గుర్తులతో సహా 15 కిలోబైట్లు దాటలేదు.