ఏకాదశి నాటి ఉప్పుడుపిండి

ఆ రోజు తొలి ఏకాదశి. పొద్దున్నే పక్కింటి అక్క గిన్నెడు పేలపిండి పంపింది. జొన్నపేలాలు విసిరి, బెల్లం కలిపి చేసింది. వాళ్లది నల్గొండ వైపు. ఈ పిండి నోట్లో పడందే వాళ్లకు పండగ మొదలైనట్టు కాదు. నేను బియ్యపు రవ్వ డబ్బా దించి, చారెడు పెసరపప్పు నానబోశాను. మాది కోనసీమ. మా ఇంట్లో ఏకాదశి అంటే పొయ్యి మీద అన్నం ఎసరు పడని రోజు. పగలు పండో పాలో, రాత్రికి ఉప్పుడుపిండి.

ఉత్తరాదివాళ్లు ఏకాదశికి ధాన్యం ఏదీ ముట్టరు. సగ్గుబియ్యంతోనో బంగాళాదుంపలతోనో సరిపెట్టుకుంటారు. మనకు బియ్యం రవ్వగా విరిగితే చాలు, అది అన్నం లెక్కలోకి రాదు. దానికి ఫలహారమని పేరు. అట్టూ అంతే, మినపరొట్టే అంతే. ఇదెక్కడి లెక్క అని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

మా నాయనమ్మ బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, తిరగట్లో పలుకుగా విసిరేది. జల్లించి పిండంతా తీసేసేది. పిండి మిగిలితే ముద్దవుతుందని ఆవిడ భయం. కళాయి పోసిన ఇత్తడి గిన్నెలో నెయ్యి, ఆవాలు, జీలకర్ర, దంచిన మిరియాలు, అల్లం, ఇంగువ, కరివేపాకు. గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు. ఎసరు మరిగాక పప్పు, ఆ వెనక రవ్వ. కుంపటి సెగ తగ్గించి, మూత మీద కూడా రెండు నిప్పులు పెట్టేది. ఆ తర్వాత మూత తియ్యకూడదు. వాసన బట్టి తెలుసుకోవాలి. అడుగున ఎర్రగా పట్టిన మాడు చెక్క కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం. పైన పలుకుపలుకుగా విడివడే పిండి, పక్కన మాగాయ.

ఆ రాత్రి అది ఆవిడ తినేది కాదు.

తాతయ్య పోయేనాటికి నాయనమ్మకు ఇరవై మూడేళ్లు. ఆ రోజు నుంచీ మధ్యాహ్నం ఒక్కపూటే అన్నం. రాత్రికి ఫలహారం. ఏకాదశి వస్తే అదీ లేదు, మంచినీళ్లు కూడా లేవు. అగ్రహారాల్లో భర్త పోయిన ఆడవాళ్లకు ఇంటివాళ్లే రాసిపెట్టిన నియమం అది. కందుకూరి వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న. గౌతమి దాటితే మాకు ఆ ఊరు ఎంతో దూరం కాదు. అయినా అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ గాలి నది దాటి మా పెరట్లోకి రాలేదు.

ఉప్పుడుపిండికి ఇంత రుచి తెచ్చింది ఈ ఆడవాళ్లేనని నా గట్టి నమ్మకం. ఏ పుస్తకంలోనూ చదివి చెప్తున్నది కాదు. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి డెబ్భయ్యో ఏట దాకా ప్రతి రాత్రీ అన్నం లేకుండా గడపవలసినవాళ్లకు తప్ప, ఒక్క ఫలహారాన్ని ఇంత శ్రద్ధగా దిద్దుకోవలసిన అవసరం ఇంకెవరికుంది? అన్నం వద్దన్నారు గనక వాళ్లు బియ్యాన్ని విరిచారు. వద్దన్న గింజనే పేరు మార్చి, నేతిలో తాలింపు పెట్టి, మళ్లీ విస్తట్లోకి తెచ్చుకున్నారు. అందుకే రవ్వ అన్నం కాదన్న మాటను ఇప్పుడు నేను తప్పు పట్టను.

నాయనమ్మకు అరవై నిండాయో లేదో, ఒక ఏకాదశినాడు జ్వరం వచ్చి బావి దగ్గర తూలిపడింది. మందుబిళ్ల ఇస్తే నోరు తెరవలేదు. నీళ్లతో మింగాలి కదా, ఉపవాసం చెడుతుందంది. నాన్న వెళ్లి మా పురోహితుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన మంచం పక్కన పీట మీద కూర్చుని నింపాదిగా చెప్పాడు. "పిన్నిగారూ, వ్రతాన్ని చెరపనివి ఎనిమిదున్నాయి. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ, ఎనభై దాటినవాళ్లకూ అసలు ఉపవాసమే లేదు." నాయనమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. "శాస్త్రిగారూ, ఇన్నేళ్లూ ఈ మాట నాకెవరూ చెప్పలేదేం?" అంది. ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ బిళ్ల వేసుకుంది.

శాస్త్రానికున్న దయ ఇంటివాళ్లకు లేకపోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. దశమినాడు ఒకపూట, ఏకాదశినాడు రెండుపూటలూ, ద్వాదశినాడు ఒకపూట మానాలని పూర్తి నియమం. ఆరు పూటల్లో నాలుగు. అది ఎవరికి వారు పూనుకోవలసిన కష్టం. ఇంకొకరి కడుపు మీద పెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఇక మానెయ్యమ్మా అని నాన్న అప్పుడే బతిమాలాడు. నాయనమ్మ ఏకాదశి మానలేదు. నీళ్లూ పాలూ మాత్రం తాగడం మొదలుపెట్టింది. "ఇన్నాళ్లూ మీరు ఉంచార్రా. ఇప్పుడు నేను ఉంటున్నాను," అంది. ఉపవాసాన్ని మనం చేస్తామనం, ఉంటామంటాం. సంస్కృతంలో దగ్గరగా ఉండడమని అర్థం చెప్తారు. తెలుగు ఆ ఉండడాన్నే పట్టుకుంది. నాయనమ్మ ఆ రోజుల్లో సాయంత్రాలు తులసికోట దగ్గర గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది. జపమాల కూడా ఉండేది కాదు.

కథ అడిగితే అంబరీషుడిదే చెప్పేది. భాగవతం తొమ్మిదో స్కంధంలోది. ఏకాదశి ఉపవాసం ఉన్న రాజు ద్వాదశినాడు ఉపవాసం విడిచే పారణకు సిద్ధమైతే దూర్వాసుడు అతిథిగా వస్తాడు, స్నానానికని వెళ్లి ఎంతకీ తిరిగిరాడు. ద్వాదశి గడియలు దాటిపోతే వ్రతం చెడుతుంది, అతిథికి పెట్టకుండా తింటే పాపం. నీళ్లు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందని పెద్దలు చెప్పగా రాజు గుక్కెడు నీళ్లు తాగుతాడు. ముని కోపం, కృత్య, వెంటపడిన చక్రం అందరికీ తెలిసినవే. నాయనమ్మ అవి గబగబా దాటించేది. ఆవిడ ఆగేది ఒక్కచోట. చక్రానికి భయపడి లోకాలన్నీ పరుగెత్తి ముని తిరిగొచ్చేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా రాజు ఒట్టి నీళ్లతో అతిథి కోసం చూస్తూ అక్కడే ఉన్నాడు. "పరుగెత్తినవాడు ముని, ఉన్నవాడు రాజు," అనేది.

ఇప్పుడు నేనూ ఉంటున్నాను. ఎవరూ ఉండమనలేదు. రక్తపోటు బిళ్ల నీళ్లతో వేసుకుంటాను. పంచాంగంలో స్మార్తులకొక రోజు, వైష్ణవులకొక రోజు రాస్తే మా ఇంటి వరసే చూసుకుంటాను. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు దశమి ఉంటే వైష్ణవులు మర్నాటికి జరుగుతారు. ద్వాదశి మొదటి పాదం హరివాసరం. అది వెళ్లాక, తిథి దాటకుండా పారణ. తినడానికీ ఇంత కచ్చితంగా వేళ పెట్టినవాళ్లు ఆకలి తెలిసినవాళ్లే అయివుంటారు. మా అమ్మాయి ఉండదు. ఉండమని నేను అనను.

నాయనమ్మ పారణ ఒకసారి దగ్గరగా చూశాను. తెల్లవారుతూనే మడి కట్టుకుని వంట చేసింది. మూడుసార్లు తులసి తీర్థం పుచ్చుకుని విస్తరి ముందు కూర్చుంది. అన్నం పొగలు కక్కుతోంది. నెయ్యి వేసుకుంది, చెయ్యి మాత్రం పెట్టలేదు. అలా చూస్తోంది.

"నాయనమ్మా, ఆకలెయ్యడం లేదా? తినవేం?" అన్నాను.

"ఉండవే," అంది.