యీషింగ్ మట్టి కూజాలు

చీనా దేశమున జియాంగ్సూ రాష్ట్రమందు, తాయ్ సరస్సునకు పడమటి దెసను యీషింగ్ అను పట్టణము కలదు. దానికి చేరువనున్న డింగ్షూ కొండలలో దొరకు మట్టితో చేసిన తేనీటి కూజాల కొఱకు చీనా పండితులును రాజోద్యోగులును వర్తకులును నాలుగైదు శతాబ్దములుగా తహతహలాడుచున్నారు. చూచుటకు అవి పెక్కుమట్టుకు అరచేత నిముడు పాత్రలు. వానిపై బంగారు గీతలు లేవు, నీలి పూవులు లేవు, గాజుపూత యంతకంటె లేదు. పింగాణీ తళతళలకు మరగిన కంటికి మొదటి చూపున వట్టి కొమ్ముచెంబులవలె తోచుట సహజము. అయినను ప్రాచీన పాత్రలను సేకరించువారి లోకమున ఇంతటి గౌరవమును, దానితోపాటు ఇంతటి మోసమును మఱియే కూజాను ఆశ్రయించియుండలేదు.

జీషా అని పేరొందిన ఈ ఊదా మట్టి హ్వాంగ్లాంగ్ కొండ కడుపున, రాతిపొరల నడుమ, రాయివలెనే గట్టిగా దొరకును. త్రవ్వి తెచ్చిన గడ్డలను ఎండకును వానకును ఆరుబయట విడిచి, అవి తమంతట చిట్లి విడివడిన పిమ్మట దంచి, జల్లించి, నీట కలిపి, నెలల తరబడి మాగనిత్తురు. ఊదా, ఎఱుపు, లేబసుపు అను తెగలు ముఖ్యములు. ఎఱుపునందలి జూనీ అను మేలిజాతి కాలునపుడు మిక్కిలి ముడుచుకొనును గనుక, ఆవమున బీటవాఱక నిలిచిన జూనీ కూజాకు వెల హెచ్చుటలో వింత లేదు. 1,100 మొదలు 1,200 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వేడిలో కాలి గట్టిపడిన ఈ మట్టి నీటిని వెలికి కారనీయదు గాని, దానియందు కంటికానని సూక్ష్మరంధ్రములు మిగిలియుండి తేయాకు సారమును కొంచెము కొంచెముగా పీల్చుకొనును. పులుసునకు కొత్త చట్టిని కాదని పాత చట్టినే వెదకు మన యిల్లాండ్రకు ఈ మర్మమును ఎవరును బోధింప నక్కఱలేదు. కావుననే రసికులు ఒక్కొక్క కూజాను ఒక్కొక్క జాతి తేయాకునకే కేటాయించి, సబ్బు తగులనీయక వేడినీటనే కడిగి, మెత్తని గుడ్డతో తుడుచుచు, ఏండ్ల వాడుకచే దానికి లోనుండి పుట్టినట్టి నిగ్గు నబ్బింతురు. పాలు, పంచదార, అల్లము కలిపి మరిగించు మన తేనీటికి మాత్రము ఇది పనికిరాదు.

ఇక నిర్మాణము. కుమ్మరి యనగానే మనకు సారె తలంపునకు వచ్చును. యీషింగ్ సంప్రదాయమున సారెపై మట్టిని లేపుట లేదు. పనివాడు మట్టిముద్దను కొయ్యసుత్తితో మోది సమమైన మందముగల పలకగా సాగదీయును. దానినుండి ఒక పొడవు పట్టీని, రెండు గుండ్రని బిళ్లలను కోసి, పట్టీని గొట్టముగా చుట్టి అంచులతికి, ఎడమచేతి వ్రేళ్లను లోపల ఆనించి, కుడిచేతి చెక్కపలకతో వెలుపలనుండి తేలికగా తట్టుచు, తిరుగుడు పీటపై మెల్లమెల్లగా త్రిప్పుచుండగా, నిట్టనిలువుగానున్న గొట్టము అంచున ముడుచుకొనుచు, నడుమ ఉబ్బుచు, బిళ్లతో మూయబడి, పిమ్మట తలక్రిందు చేయబడి రెండవ కొననుగూడ అట్లే మూయించుకొని, ఎట్టకేలకు బోలు బంతివంటి రూపము దాల్చును. చదరపు కూజాలనైతే పలకలను కొలతకు కోసి, పెట్టెను కూర్చినట్లు అతుకుదురు. కొమ్మును, పిడిని, మూతను వేఱుగా తీర్చి, అదే మట్టితో చేసిన చిక్కని అడుసుతో కడుపునకు అంటింతురు. తరువాత ఎద్దుకొమ్మునుండి చెక్కిన పలుచని రేకుతో పైభాగమంతయు పదేపదే నునుపు చేయుదురు. ఆ రాపిడికి సన్నని రేణువులు పైకి తేలి, గాజుపూతతో నిమిత్తము లేకయే ఒంటికి మెత్తని మెఱుపు వచ్చును. ఈ పనిముట్లలో పెక్కింటిని పనివాడు తన చేతికి తగినట్లు తానే చేసికొనును. మూతను కూజాపైనే యుంచి కాల్తురు. రెండును ఏకముగా ముడుచుకొననిచో పొందిక చెడును.

ఇంత తెలిసిన పిమ్మట పరీక్ష సులభమే. కొమ్మును కడుపును కలిసిన చోట అతుకు తెలియరాదు. ఆ వంపు ఒంటినుండి మొలిచినట్లుండవలెను. సామాన్యముగా కొమ్ము మొన, కూజా అంచు, పిడి పైభాగము ఒకే మట్టమున నిలుచును. మూతమీది చిల్లిని వ్రేలితో మూసినచో ధార ఆగిపోవలెను, తీసినచో మరల సాగవలెను. పోయుట మానిన వెంటనే కొమ్ము క్రింద చుక్క జాఱరాదు. అంగడివారు మూతతో కూజాను టంగున మ్రోగించి మురిపింతురు గాని, ఆ నాదము మట్టి యెంత కాలినదో చెప్పునే కాని పనితనమును చెప్పజాలదు.

సేకర్తలలో పెక్కురు ఈ పరీక్షలను విడిచి కూజాను బోర్లించి అడుగుననున్న ముద్రను చదువుదురు. నా యెఱిగినంతలో ఈ విద్యకు పట్టిన చీడ యిదియే. పేరునకు విలువ కట్టుట ఇచట మింగు వంశ కాలముననే మొదలైనది. అప్పటి గొప్ప శిల్పియైన షీ దాబిన్ తొలుత పెద్ద కూజాలను చేసి, పండితుల సాంగత్యమున చిన్న కూజాలకు మఱలెను. తరువాత లీయాంగ్ మండలాధికారియైన చెన్ మాన్షెంగ్ (1768–1822) రూపములను కల్పింపగా, యాంగ్ పెంగ్న్యెన్ వానిని మట్టిలో తీర్చెను. కూజాపై పద్యము చెక్కుట అంతటితో గొప్ప వాడుకయయ్యెను. పేరునకు వెల యేర్పడినచోట దొంగపేరు పుట్టక మానదు. ఇరువదవ శతాబ్ది తొలి భాగమున షాంఘై పురావస్తు వర్తకులు యీషింగ్ నిపుణులనే పిలిపించి పూర్వుల కూజాలకు ప్రతులు చేయించిరి. తరువాత మహాశిల్పియని కీర్తికెక్కిన గూ జింగ్జౌ (1915–1996) సైతము యౌవనమున ఆ పని చేసినవాడే. ఆ ప్రతుల పనితనము మూలములకు తీసిపోదు. ఇట్టిచోట ముద్ర యేమి సాక్ష్యమిచ్చును?

ఐరోపావారి ముచ్చట క్లుప్తము. తేయాకుతోపాటు ఓడలలో చేరిన ఈ ఎఱ్ఱకూజాలను చూచి డెల్ఫ్టులో ఆరీ డి మిల్డె, ఇంగ్లండున ఎలర్స్ సోదరులు, సాక్సనీలో బోట్గర్ ప్రతులు చేసిరి.

హాంకాంగునందలి సోయాపాల వర్తకుడు లో క్వీసియాంగ్ చేసిన పని వేఱుజాతిది. ఆతడు పాత కూజాలను కూడబెట్టుటతో తృప్తినొందక, సాంస్కృతిక విప్లవానంతరము యీషింగ్ శిల్పులకు కొత్త పనులు పురమాయించి, వారి చేతులకు మరల కదలిక కల్పించెను. ఆతని సేకరణమే 1984లో తెఱచిన ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ తేనీటి పాత్రల ప్రదర్శనశాలకు మూలధనమయ్యెను. కొనువాడు మృతులనే కాక జీవించియున్నవారినిగూడ కొనవలెనని ఆతడు గ్రహించెను. పేరునకు వెల కట్టుట మాత్రము ఆగలేదు. గూ జింగ్జౌ 1948లో చేసిన కూజా యొకటి 2010లో వేలమున కోటి యువాన్లకు మించి పలికినది. దానిపై ప్రసిద్ధ చిత్రకారుడు వూ హూఫాన్ కుంచెపని యుండుటచే ఆ ధర మట్టికో, చిత్రమునకో నిర్ణయించుట కష్టము.

ఈ చిక్కులన్నియు ఒక్కచో ముడివడినది బీజింగు జాతీయ ప్రదర్శనశాలలోని చెట్టుబొడిపె కూజా. పదియాఱవ శతాబ్దియందు జిన్షా ఆలయపు సన్యాసి పనిచూచి నేర్చిన గాంగ్ చున్ అను సేవకుడే యీషింగ్ కూజాకు ఆద్యుడని ఐతిహ్యము. ఈ కూజా అతనిదని ప్రతీతి. దీనికి చాల తరువాతి శిల్పియైన హ్వాంగ్ యూలిన్ చేసిన మూత గుమ్మడితొడిమవలె నుండగా, చిత్రకారుడు హ్వాంగ్ బిన్హాంగ్ బొడిపెకు తొడిమ పొసగదని ఆక్షేపించెను. అంతట అప్పటి యజమాని చూ నాన్చియాంగ్ శిల్పియైన పే షీమిన్ చేత బొడిపె మూతనే చేయించెను. గూ జింగ్జౌ మాత్రము మూతయే కాదు, కూజాయే హ్వాంగ్ యూలిన్ కృతమని అభిప్రాయపడెను. కాలము నిశ్చయముగా తెలిసిన కూజాలలో ప్రాచీనమైనది వేఱొకటి. అది 1533 నాటి వూ జింగ్ అనువాని సమాధినుండి నాంజింగులో బయల్పడినది. మెఱుగు పట్టని ఆ ముదుక కూజాపై ఏ శిల్పి ముద్రయు లేదు.