ఓపీ రిజిస్టర్‌లో కొత్త జ్వరం

వానాకాలంలో మా పీహెచ్‌సీ ఓపీ అంటే జ్వరాలే. మధ్యాహ్నానికి రిజిస్టర్‌లో పేజీలకు పేజీలు 'జ్వరం, ఒళ్లునొప్పులు' అనే ఉంటుంది. మలేరియా, డెంగీ, టైఫాయిడ్... ఈ మూడింటికీ మనసు అలవాటు పడిపోతుంది. కొత్త రోగం ఊళ్లోకి వచ్చినా మొదట ఎక్కేది ఆ పేజీల్లోకే, ఆ రెండు మాటలతోనే. దాన్ని అక్కడే పట్టుకోవడం మా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కష్టమైనది కూడా.

ఈమధ్య పత్తి చేలో కలుపు తీసే ఒకామె వచ్చింది. వారం నుంచి జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంది. మలేరియా లేదు, డెంగీ లేదు.

"ఒంటిమీద ఎక్కడైనా పుండుగానీ మచ్చగానీ ఉందా అమ్మా?"

"ఏం లేదు డాక్టరమ్మా."

పరదా వేసి, ఏఎన్‌ఎంను పక్కన ఉంచుకుని చూశాను. లంగా బొందు కట్టుకునే చోట నల్లటి పెచ్చు, బీడీతో కాల్చినట్టు ఉంది. చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. అలాంటిదాన్ని ఎవరు మాత్రం పట్టించుకుంటారు? అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. బట్ట బిగుసుకునే నడుము, చంక, గజ్జల్లోనే ఎక్కువగా కుడుతుంది. అందరికీ మచ్చ పడదు, పడినవాళ్లలోనైనా బట్ట తొలగించి చూస్తేనే దొరుకుతుంది. మామూలుగా వేసే సెఫలోస్పోరిన్ సూదులు ఈ క్రిమిమీద పనిచేయవు. చవగ్గా దొరికే డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. ఆమెకు రెండో రోజుకే జ్వరం దిగింది.

చూడటం ఎంత ముఖ్యమో, అడగటమూ అంతే ముఖ్యం. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా అన్న ప్రశ్న విలువేమిటో 2018 మేలో కేరళలోని కోజికోడ్‌లో తెలిసింది. మెదడువాపు లక్షణాలతో వచ్చిన యువకుడి ఇంటి సంగతులు ఆరా తీస్తే, సోదరుడు కొద్ది రోజుల కిందటే ఇలాగే పోయాడని తేలింది. తండ్రికీ, బంధువుల్లో ఒకామెకూ అవే లక్షణాలు. నమూనాలు మణిపాల్‌కు వెళ్లాయి, పుణె ల్యాబ్ ఖాయం చేసింది: నిఫా. కానీ అప్పటికే మొదటి రోగి అయిన ఆ సోదరుడు పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో ఉండి, మెడికల్ కాలేజీకి వెళ్లి చనిపోయాడు. పేరాంబ్రలో అతనికి సేవ చేసిన నర్సు లినీ కూడా ప్రాణం పోగొట్టుకుంది. ఆ విడతలో 17 మంది పోయారు. ఒకే ఇంట్లో రెండో మనిషి పడగానే పట్టుకోవడం గొప్ప పని. అయినా మొదటి మనిషికీ రెండో మనిషికీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే నన్ను వదలవు.

మనకు కేరళ దాకా పోనక్కర్లేదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చండీపుర వైరస్ 329 మంది పిల్లలకు సోకిందేమోనన్న లెక్క ఉంది, వాళ్లలో 183 మంది దక్కలేదు. పొద్దున జ్వరం, ఆ తర్వాత ఫిట్స్, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం. అంత వేగంగా కమ్మే రోగం గురించి జిల్లా కేంద్రానికి మొదటి కబురు అందాల్సింది పల్లె నుంచే.

ఆ మరుసటి ఏడాదే, 2004లో, ఐడీఎస్పీ అనే దేశవ్యాప్త వ్యాధుల నిఘా కార్యక్రమం మొదలైంది. డాక్టరు నింపే ఫారంలో పేరున్న రోగాలన్నీ అయ్యాక, వేటిలోనూ ఇమడని లక్షణాలకంటూ ఒక వరుస ఉంటుంది. నా దృష్టిలో ఆ ఫారం మొత్తానికీ అదే ప్రాణం. దాన్ని ఖాళీగా వదిలేయడమే మాలో చాలామందికి అలవాటు. ఏదైనా రాస్తే సంజాయిషీ అడుగుతారన్న బెరుకు. రాసిన డాక్టరుకు ఆ సాయంత్రమే జిల్లా నుంచి ఫోన్ రావాలి, "ఏం చూశారు, ఇంకా ఎవరున్నారు?" అని. అప్పుడు ఆ వరుస దానంతటదే నిండుతుంది.

రోజుకు వంద మందిని చూసే చోట ఇదంతా కుదిరేదేనా అని మొన్న కొత్తగా చేరిన డాక్టరు అడిగాడు. అందరికీ కుదరదు. అందుకే జ్వరం అయిదు రోజులు దాటినవాళ్లనూ, ఒకే ఇంటి నుంచి ఇద్దరు వస్తే వాళ్లనూ వేరే కూర్చోబెట్టమని ఏఎన్‌ఎంకు చెప్పాను. ఆ కొద్దిమందిని మాత్రం మంచం మీద పడుకోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా చూసే పంపుతాం.