వేలికి ముందు తెలిసే మొక్కలు

చెరువు గట్టు దిగేచోట, కాల్వ పక్కన, రైలు పట్టాల వెంట వానాకాలం చివర్లో ఒక మొక్క తరచూ కనిపిస్తుంది. మోకాటి ఎత్తు ఉంటుంది. ఆకులు వెడల్పుగా, గరుకుగా ఉంటాయి. కొమ్మ చివర నుంచి పూల కంకి ఒకటి పైకి లేచి, కొసన మెలిక తిరిగి ఉంటుంది. కొందరు దాన్ని నాగదంతి అంటారు, కొందరు తేలుమణి అంటారు. ఎక్కువమంది ఏ పేరూ పెట్టకుండా కలుపు కింద పీకేస్తారు. వృక్షశాస్త్రంలో దాని పేరు హీలియోట్రోపియం ఇండికమ్, కుటుంబం బొరాజినేసి.

ఐరోపాలో నీలి పూలు పూసే బోరేజ్ అనే తోట మొక్క పేరే ఈ కుటుంబానికి పెట్టారు. లోకమంతా కలిపి ఇందులో రెండున్నర వేలకు పైగా జాతులున్నాయి. అలాస్కా రాష్ట్ర పుష్పమైన ఫర్‌గెట్-మి-నాట్ ఈ కుటుంబానిదే. కశ్మీరీ రోగన్‌జోష్‌కు ఎర్రరంగు తెచ్చే రతన్‌జోత్ వేరూ ఈ కుటుంబం మొక్కలదే. హైదరాబాద్ యునానీ దుకాణాల్లో అమ్మే గావ్‌జబాన్ ఆకు కూడా ఇందులోదే. ఆ ఫార్సీ పేరుకు ఆవు నాలుక అని అర్థం. ఆకును తడిమి చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం కంటితో కాదు, వేలితో మొదలుపెట్టాలి. ఇది ఇప్పటి చిట్కా కాదు. వర్గీకరణ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కంటే ముందే ఐరోపా పండితులు ఈ మొక్కలన్నిటినీ ఒక గుంపుగా చేసి లాటిన్‌లో ఆస్పెరిఫోలియే అన్నారు, అంటే గరుకాకులవి. ఆకు మీద కొస నుంచి తొడిమ వైపు వేలు పెట్టి రాస్తే నూగు అడ్డుపడుతుంది. పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ పెట్టి చూస్తే ప్రతి వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తుంది. ఆ వెంట్రుకల్లోనూ బుడిపెల్లోనూ సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటు, ఇసుకలో ఉండే సిలికా పేరుకుని ఉంటాయి. అందుకే అది మెత్తటి నూగు కాదు, గీరే నూగు.

అయితే గరుకుగా ఉన్న ప్రతి ఆకూ ఈ కుటుంబానిది కాదు. పారిజాతం ఆకు గరుకుదనం ఎరగని తెలుగువాళ్లుండరు. దాని ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి, లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉంటుంది. అది మల్లె కుటుంబం. కనుక వేలు ఇచ్చిన సాక్ష్యాన్ని కంకితో సరిచూసుకోవాలి.

నాగదంతి కంకిని ఒకసారి దగ్గరగా చూడండి. పూలన్నీ కంకికి ఒకే వైపున, పైభాగాన, రెండు వరసల్లో కూర్చుని ఉంటాయి. ఒక్కో పువ్వు మిరియపు గింజంత. లేత ఊదా లేదా తెలుపు, గొంతులో కాస్త పసుపు. కింది పూలు ముందు విచ్చుకుంటాయి. అవి కాయలయ్యేసరికి మధ్య పూలు విచ్చుకుంటాయి, చివరి మొగ్గలు మాత్రం ఇంకా చుట్టలోనే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ చుట్ట విప్పుకుంటూ కంకి జానెడు దాకా సాగుతుంది. ఒకే కంకి మీద కాయ, పువ్వు, మొగ్గ వరసగా దొరుకుతాయి. దీన్ని పాఠ్యపుస్తకాలు వృశ్చికాకార పుష్పవిన్యాసం అంటాయి. పుస్తకం చదవనివాళ్లకు కూడా అక్కడ తేలు కొండే కనిపించింది. తమిళులు తేళ్ కొడుక్కు అన్నారు. ఐరోపావాళ్లు ఫర్‌గెట్-మి-నాట్‌ను ఒకప్పుడు తేలుగడ్డి అన్నారు. సంస్కృతంలో మాత్రం హస్తిశుండి. ఆ పేరు పెట్టినవాళ్లకు ఏనుగు తొండం కనిపించింది.

చుట్ట తర్వాత పువ్వు, ఆ తర్వాత కాయ. పువ్వులో రేకులు అయిదు, మొదట్లో గొట్టంలా కలిసి ఉంటాయి. ఆ గొట్టం లోపలి గోడకు అయిదు కేసరాలు అతుక్కుని ఉంటాయి. కాయ ఎండితే నాలుగు గట్టి పలుకులుగా విడిపోతుంది. ఈ నాలుగు పలుకులు దొరికాయంటే చాలా దూరం వచ్చినట్టే. కానీ ఇక్కడే తికమక కూడా ఉంది. తులసి, తుమ్మి కాయల్లోనూ నాలుగు పలుకులే ఉంటాయి. తుమ్మి మొక్క పక్కన పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. తుమ్మి కాడ నాలుగు పలకలు, ఆకులు ఎదురెదురుగా, పువ్వు రెండు పెదవులుగా చీలి ఉంటుంది. గరుకాకుల కుటుంబంలో కాడ గుండ్రం, ఆకులు సాధారణంగా ఒకదాని తర్వాత ఒకటి, పువ్వు అన్ని వైపులా సమానం.

సాధారణంగా అన్నాను, ఎందుకంటే గువ్వగుత్తి ఉంది. తెలంగాణ చెల్కల్లో, రాయలసీమ బీళ్లలో, ఊరి బయటి దారుల పక్కన పెరిగే ఈ మొక్క పేరు ట్రైకోడెస్మా ఇండికమ్. నన్నడిగితే ఈ కుటుంబాన్ని నేర్చుకోవడానికి మన నేలలో ఇంతకు మించిన పాఠం లేదు. కింది ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటిగా మారతాయి. కింది కణుపులు మాత్రమే చూసినవాళ్లు తుమ్మి కుటుంబం అనేస్తారు. అందుకే కాడ కూడా తడమాలి. ఆకుకు తొడిమ ఉండదు. ఆకు మొదలు కాడను రెండు వైపులా పట్టుకుని ఉంటుంది.

పువ్వు నేల చూస్తూ వేలాడుతుంది. సంస్కృతంలో అధఃపుష్పి అన్నది అందుకే. నిలబడి పైనుంచి చూసేవాడికి నూగుతో నిండిన పచ్చటి రక్షక పత్రాలే కనిపిస్తాయి తప్ప పువ్వు కనిపించదు. వంగి, పువ్వును వేళ్లతో పైకి తిప్పాలి. లేత నీలం రేకులు, కొసలు సన్నగా మెలితిరిగి ఉంటాయి. వాడే ముందు తెల్లబడతాయి, ఒక్కోసారి గులాబీ చాయ కూడా వస్తుంది. నట్టనడుమ అయిదు పరాగకోశాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని మొనదేలిన శంకువులా పైకి వస్తాయి. వాటి వీపున ఉన్న వెంట్రుకలు కూడా కలిసిపోయి ఉంటాయి. 1810లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ ఈ ప్రజాతికి ట్రైకోడెస్మా అని పేరు పెట్టింది ఆ వెంట్రుకల కట్టును చూసే.

ఇప్పుడు పువ్వును వెనక్కి తిప్పండి. రక్షక పత్రాల మొదళ్లు చెవుల్లా కిందికి సాగి ఉంటే అది గువ్వగుత్తి. దాని సోదర జాతి ట్రైకోడెస్మా జెయిలానికమ్ కూడా మన నేలల్లోనే ఉంది. దానికి ఆ చెవులుండవు, ఆకు మొదలు కాడను పట్టుకోదు. ముందు నుంచి చూస్తే రెండు పూలూ ఒకేలా అనిపిస్తాయి. ఫోన్ యాప్‌లు ఇలాంటిచోటే బోల్తా పడుతుంటాయి. తప్పు యాప్‌దే అనలేం. పువ్వు ముఖం తప్ప వీపు ఎవరూ ఫొటో తీయరు కదా!

ఇక మినహాయింపులు. వరి కోసిన మళ్లలో, ఎండుతున్న చెరువు అడుగున నేలకు అంటుకుని పరుచుకునే కోల్డేనియా ప్రోకంబెన్స్ ఉంది. ముడతలు పడ్డ చిన్న ఆకులు, ఆకు మొదలు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. దానికి రేకులు నాలుగే, కేసరాలు నాలుగే. అయిదు లెక్క పెట్టుకుని కూర్చుంటే దీన్ని దాటేస్తాం. మన పల్లెల్లో దీన్ని హంసపాది అంటారు. ఆయుర్వేద మందుల్లో హంసపాది పేరుతో ఒక ఫెర్న్ మొక్కను కూడా వాడతారు. పేరు ఒకటే, మొక్కలు వేరు. దుకాణంలో పేరు చెప్పి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తీరం వెంట ఉప్పు నేలల్లో పెరిగే హీలియోట్రోపియం కురసావికమ్ మరో మొండిఘటం. అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆకులు దళసరిగా, బూడిద పచ్చగా, నున్నగా ఉంటాయి. ఒక్క వెంట్రుక ఉండదు. వేలి పరీక్షలో ఇది పూర్తిగా తప్పుతుంది. కానీ తెల్ల పూల కంకి చుట్ట చూడగానే దొరికిపోతుంది.

బంక నక్కెర చెట్టునైతే చాలామంది ఈ కుటుంబంలో ఊహించనే ఊహించరు. విరిగి అని కూడా అంటారు. పండు నొక్కితే తీగలు సాగే జిగురు, ఒకప్పుడు పిల్లలు కాగితాలు అంటించుకున్నది దీనితోనే. పచ్చికాయలు ఊరగాయ పెడతారు. ఇక్కడ నాలుగు పలుకులు లేవు, కండగల పండు ఉంది. గుర్తు పువ్వు లోపల ఉంది: అండాశయం మీది సన్నటి కాడ, అంటే కీలం, రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలి నాలుగవుతాయి. ఈ చెట్లను వేరే కుటుంబంగా విడదీయాలని కొందరు శాస్త్రజ్ఞులు, కలిపే ఉంచాలని మరికొందరు 2016లో రెండు వేర్వేరు వర్గీకరణలు ప్రకటించారు. అడవిలో తిరిగేవాళ్లకు ఆ తగవుతో పనిలేదు. ఒక గుర్తు తప్పినచోట ఇంకో గుర్తు పట్టుకోవడం ముఖ్యం.

విష్ణుక్రాంత గురించి కూడా ఒక మాట. వినాయక చవితి 21 పత్రుల్లో ఉన్నది కాబట్టి అందరికీ తెలిసిన పేరే. చిన్న నీలి పువ్వు, నూగు ఆకులు, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఆకులు చూసి దాన్ని ఈ కుటుంబంలో కలిపేసేవాళ్లున్నారు. ఆ నూగు పట్టులా మెత్తగా ఉంటుంది, పూలు సన్నటి కాడల మీద విడివిడిగా పూస్తాయి, చుట్ట లేదు. అది తూటికాడ కుటుంబం.

ఇలా గుర్తులు చూసి మొక్కను పోల్చుకునే పద్ధతి మన ప్రాంతానికి పరాయిది కాదు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఈ కుటుంబానికి చెందిన ఎహ్రీషియా లేవిస్ చెట్టుకు ఆ పేరు పెట్టింది ఆయనే. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం ఈనాటికీ చేతికి అవసరమయ్యే పుస్తకం. దాని నడక అంతా రెండేసి ప్రశ్నల మీద: కాయ కండగలదా, పలుకులదా? కీలం అండాశయం కొసన ఉందా, పలుకుల మధ్య నుంచి వచ్చిందా? ఒకటి ఎంచుకుంటే మరో రెండు ప్రశ్నలు. తర్వాత అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య టి. పుల్లయ్య బృందం ఆంధ్రప్రదేశ్ వృక్షజాలాన్ని గ్రంథస్థం చేసింది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ కుటుంబంలో పొరబడితే పోయేది కాలేయం. వీటిలో చాలా మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషాలున్నాయి. అవి కాలేయంలోని సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. వాంతులు, విరేచనాలతో వెంటనే హెచ్చరించవు. వారాలు, నెలలు తిన్నాక పొట్ట నీరు పట్టి బయటపడుతుంది. 1970లలో కరువు తర్వాత అఫ్గానిస్తాన్ హెరాత్ ప్రాంతంలోని గుల్రాన్‌లో గోధుమల్లో హీలియోట్రోపియం గింజలు కలిసిపోయాయి. ఆ ఊళ్లలో 7,200 మందిని పరీక్షిస్తే 22.6 శాతం మందిలో కాలేయ వ్యాధి కనిపించింది. అదే దశకంలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్ సర్గుజాలో చిరుధాన్యాల్లో జనుము జాతి అడవి మొక్క గింజలు కలిసి ఇలాంటి జబ్బే వచ్చింది. మొక్క కుటుంబం వేరైనా విషం తరగతి అదే.

మిద్దెతోటలవాళ్లు ఎరువు కోసం పెంచే కాంఫ్రీ కూడా ఈ కుటుంబానిదే. దానితో చేసిన తినే మందులను మార్కెట్ నుంచి తీసేయమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో కంపెనీలను కోరింది. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉండి అడవి ఆకులు ఏరుకునే సరదా ఉన్న మనవాళ్లకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. పువ్వు రాకముందు కాంఫ్రీ ఆకూ, గుండెను ఆపేయగల ఫాక్స్‌గ్లవ్ ఆకూ ఒకలాగే ఉంటాయి.

ఆ పైరోలిజిడిన్ విషాన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ ఉన్నారు. పీకి పడేసిన నాగదంతి ఎండుతుంటే దాని మీద టైగర్, క్రో జాతుల మగ సీతాకోకచిలుకలు గుంపులుగా వాలతాయి. తేనె కోసం కాదు. ఆ ఆల్కలాయిడ్లను పీల్చుకోవడానికి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారీకీ, పక్షులకు తాము చేదుగా మిగలడానికీ అవి పనికొస్తాయి. కలుపు తీశాక గట్టున వేసిన మొక్కల్ని మధ్యాహ్నం ఓసారి చూసి రండి.

కంకి తేలు కొండిలా ఉంది కాబట్టి ఈ మొక్క తేలుకాటుకు మందు అనే నమ్మకం మన దేశంలోనూ ఉంది, ఐరోపాలోనూ ఉండేది. ఆకారం వైద్యం కాదు. ఎర్రతేలు కుడితే గుండె మీద పడే దెబ్బను ప్రజోసిన్ మాత్రతో అడ్డుకోవచ్చని చూపింది మహారాష్ట్ర మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. తేలు కుడితే ఆకు కోసం కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఈ వానాకాలం మీ ఊరి చెరువు దగ్గర గరుకాకు మొక్క కనిపిస్తే పీకకుండా నాలుగు ఫొటోలు తీయండి: కంకి చుట్ట పక్క నుంచి, పువ్వు ముందు నుంచి, అదే పువ్వు వెనక నుంచి, ఆకు కాడను తాకేచోటు. పండిన కాయ ఉంటే అరచేతిలో పెట్టి అయిదోది. ఊరు, తేదీ, నేల రకం రాసిపెట్టుకుని దగ్గరి డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపించండి. వాళ్లు పేరు చెప్పినా సరే, ఆకు మాత్రం నోట్లో పెట్టుకోకండి.