తతావీ థీసిస్, మన విద్యార్థులు

జీవశాస్త్ర చరిత్ర మీద మన విద్యార్థులు సమర్పించే పత్రాల్లో ఒక మాట తరచుగా ఎదురవుతుంది: డార్విన్ కంటే వెయ్యేళ్ల ముందే జాహిజ్ పరిణామవాదాన్ని చెప్పాడని. బస్రా వాసి జాహిజ్ (మరణం 868-69) ఏడు సంపుటాల 'కితాబుల్ హయవాన్' వ్రాసిన మాట నిజం. ఒక జంతువు మరొకదాన్ని వేటాడి తింటుందని, తానూ ఇంకొకదానికి ఆహారమవుతుందని అందులో ఉన్నదీ నిజమే. కాని ఆ సంగతి ఆయన చెప్పింది సృష్టిలోని వివేకాన్ని చూపటానికి. దాన్ని 'మనుగడ కోసం పోరాటం' అని అనువదించి, ఆ అనువాదాన్ని పట్టుకొని డార్విన్ దగ్గరకు పోతే దొరికేది జాహిజ్ కాదు. అనువాదకుడు పెట్టిందే తిరిగి చేతికొస్తుంది.

ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉండగా ఈ బలహీన వాదమెందుకు? 1924లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి ముహ్యిద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్య విద్యార్థి డాక్టరేటు కోసం ఒక సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. దానికి ఆధారం బెర్లిన్ గ్రంథాలయంలోని ఒక వ్రాతప్రతి. ఇబ్నుసీనా 'ఖానూన్'లోని శరీర నిర్మాణ భాగానికి ఇబ్నున్ నఫీస్ (మరణం కైరోలో, 1288) వ్రాసిన వ్యాఖ్య అది. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి నడిమి గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా రక్తం పోతుందని గాలెన్ అన్నాడు. ఆ గోడ దట్టమైనదనీ, దారి లేదనీ, రక్తం ఊపిరితిత్తులకు పోయి గాలితో కలిసి ఎడమ గదికి చేరుతుందనీ ఇబ్నున్ నఫీస్ వ్రాశాడు. యూరపులో సెర్వెటస్ ఈ మాట అచ్చు వేసింది 1553లో.

జర్మన్ ఆచార్యులకు అరబీ రాదు. కైరోలో ఉన్న మాక్స్ మేయర్‌హాఫ్‌కు వ్యాసం పంపి అడిగారు. ఆయన ప్రతులు చూసి, నిజమని తేల్చి, 1930ల్లో ప్రచురించాకే పండిత లోకం నమ్మింది. ఒక విద్యార్థి ఏడు శతాబ్దాల మరుపును తొలగించటానికి కావలసి వచ్చింది ఇంతే: ఒక వ్రాతప్రతి, దాన్ని చదవగల భాష, ఎక్కువ చెప్పకుండా ఉండే ఓపిక.

మనవాళ్లు తప్పేది ఆ మూడవ దాని దగ్గర. ఇబ్నున్ నఫీస్ శవాలు కోసి చూశాడని వ్రాస్తారు. షరీఅత్తు, తన దయాస్వభావం ఆ పనికి అడ్డమయ్యాయని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. రక్తప్రసరణ అంతా ఆయనే కనుగొన్నాడంటారు. ఆయన చెప్పింది గుండె-ఊపిరితిత్తుల మధ్య దారి మాత్రమే. శరీరమంతటా తిరిగే రక్తం సంగతి హార్వే 1628లో చెప్పాడు. యూరపు దొంగిలించిందంటారు. ఆయన వ్యాఖ్యలో కొంత భాగం 1547లో వెనిస్‌లో లాటిన్‌లో అచ్చయింది, కాని అది సెర్వెటస్ చేతికి చేరిందనే రుజువు లేదు. 'చేరి ఉండవచ్చు' అని వ్రాయటం పరిశోధన. 'చేరింది' అని వ్రాయటం వకాల్తా.

కోడుమూరులో మదరసాలో అరబీ నేర్చి, కర్నూలు వెళ్లి జంతుశాస్త్రం చదివే విద్యార్థికి తతావీకి ఉన్న సాధనాలు రెండూ ఉన్నాయి. బక్రీద్ నాడు గొర్రె గుండెను నిలువునా కోయించి చూస్తే నడిమి గోడ ఎంత మందమో తెలుస్తుంది. గాలెన్ రంధ్రాలు కంటికి అందనివి గనుక అదొక్కటే రుజువు కాదు. ఆ మాట కూడా పత్రంలో వ్రాయాలి.

పుస్తకాల కోసం బెర్లిన్ దాకా పోనక్కరలేదు. ఇబ్నుల్ ఖుఫ్ (మరణం 1286) శస్త్రవైద్య గ్రంథం 'అల్ ఉమ్దా'ను హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1937లో అచ్చు వేసింది. ఆయన కరక్ ప్రాంతపు క్రైస్తవుడు. ఇస్లామీ నాగరికతలోని జీవశాస్త్రమని శీర్షిక పెట్టి, ఆయన పేరు వదిలేసే పత్రాలను పరిశీలకులు వెనక్కి పంపటమే న్యాయం.