సంచి ఊగకూడదు

ఫిన్లాండ్ ఉత్తరాన, ఇనారి సరస్సు చుట్టుపక్కల అడవుల్లో సెప్టెంబరు సగానికే బర్చ్ ఆకులు పసుపెక్కుతాయి, కింద బెర్రీ పొదలు ఎర్రబడతాయి. ఈ రంగుల రోజుల్ని అక్కడివాళ్ళు రుస్కా అంటారు. చూడ్డానికి బస్సుల్లో జనం వస్తారు. నేను చెప్పబోయేది వాళ్ళ గురించి కాదు. బతకడానికి కావలసినవన్నీ సైకిలుకే బిగించుకుని, ఆ చలిలో ఒంటరిగా అడవిలోకి పోయేవాళ్ళ గురించి.

వాళ్ళ పనితనమంతా మూట కట్టడంలోనే తెలిసిపోతుంది. తిండి, పనిముట్లలాంటి బరువులు చట్రం మధ్య సంచిలో, వీలైనంత కిందికి దిగాలి. గుడారం, స్లీపింగ్ బ్యాగు చుట్టి హ్యాండిల్‌కి. సీటు వెనక సంచిలో బట్టలే. అందులో బరువైనదేదైనా కుక్కారో, గతుకుల్లో అది ఊగి ఊగి మనిషిని పక్కకి లాగేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు కట్టిన సైకిలుని జానెడెత్తు లేపి నేలమీద వదిలి చూడండి. గొలుసు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి పెట్టెలు వేలాడేసుకునేవాళ్ళతో తారురోడ్డు మీద నాకు పేచీ లేదు. రాళ్ళూ చెట్లవేళ్ళూ ఉన్న సన్నబాటలో మాత్రం వాటిని సమర్థించడం నావల్ల కాదు.

ఈ విద్య ఎక్కడ పుట్టిందంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. 1980ల్లో అలాస్కా మంచులో జరిగిన సైకిలు పందేల్లో అంటారు కొందరు, నేనూ ఆ పక్షమే. అలాస్కా పేరెత్తాక అక్కడి అమ్మాయి లేల్ విల్కాక్స్‌ని తలవకుండా ఎలా? 2016లో అమెరికాని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి దాటే ట్రాన్స్ ఆమ్ పందెంలో ఆడామగా అందర్నీ వెనక్కి నెట్టి గెలిచింది. 2024లో 108 రోజుల 12 గంటల్లో భూమిని చుట్టొచ్చింది! ఇంగ్లండువాడు మైక్ హాల్ అదే 2016లో, కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా 4,400 కిలోమీటర్ల కొండదారిని 14 రోజుల్లోపే ముగించాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో పందెం మధ్యలో కారు గుద్ది పోయాడు. అలాంటివాడు మళ్ళీ పుట్టాలి.

చలి నేర్పే పాఠాలు వేరు. ఎత్తు ఎక్కకముందే జాకెట్టు విప్పాలి, పైన ఆగీ ఆగగానే తొడగాలి. చెమటకి తడిసిన బనీను సున్నా డిగ్రీల దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది. నీటి ఫిల్టరు ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నగొట్టాలు దెబ్బతింటాయి, పైకేమీ తెలియదు. అందుకే దాన్నీ బ్యాటరీలనీ పక్కలో పెట్టుకుని పడుకుంటారు. ఉత్త బ్యూటేన్ గ్యాసు ఆ చలికి మొండికేస్తుంది, ప్రొపేన్ కలిసినది కావాలి. ఇక చిత్తడి నేలల మీద పరిచిన చెక్కపలకలు! తెల్లారేసరికి వాటిమీద మంచు పూత. టైర్లలో గాలి ముందే కాస్త తగ్గించుకుని, పలక ఎక్కాక బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా సాగిపోతారు. ఇంకా తెలివైనవాళ్ళు దిగి నడిపించుకుపోతారు.

చీకటి పడితే ఆ అడవుల్లో తాళం వేయని గుడిసెలున్నాయి, పైసా కట్టక్కర్లేదు. ముందొచ్చినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళకి చోటివ్వాలి. పొద్దున్నే వెళ్ళేముందు, రాబోయే మనిషి కోసం పొయ్యి పక్కన కట్టెలు చీల్చిపెట్టాలి.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సామాను వ్యానులో ముందే పంపించేసి, ఖాళీ సంచులు తగిలించుకుని ఫొటోలు దిగేవాళ్ళు దీన్ని ఫ్యాషన్ చేశారు. గుడిసెలో కట్టెలన్నీ ఒక్క రాత్రికే తగలేసి, ఒక్క పుల్ల చీల్చకుండా పోతారు. నిప్పంటించడానికి పచ్చి బర్చ్ బెరడు ఒలుస్తారు, అడవి యజమాని అనుమతి లేకుండా అది తప్పని తెలిసీ. వీళ్ళని చూసి మార్కెట్లోకి దిగిన నాసిరకం సంచుల సంగతి సరేసరి. మొదటి గతుక్కే కుట్టు విడిపోతుంది, రెండో వానకి జిప్పు బిగుసుకుపోతుంది.

తెలుగు పిల్లలకి నాదొక్కటే మనవి. ఆ సరుకు కొనకండి. అట్టముక్కని మీ సైకిలు చట్రానికి ఆనించి, లోపలి అంచుని పెన్సిలుతో గీసుకోండి. దాన్ని మీ ఊళ్ళో ఆటో సీట్లు కుట్టే దుకాణానికి పట్టుకెళ్ళి, ఆ కొలతకి సంచి కుట్టించుకోండి. పైగొట్టానికి మూడు పట్టీలు, కిందిగొట్టానికి రెండు. జిప్పు మాత్రం పెద్ద పళ్ళది వేయమనండి.